చెయ్యి చాపిన స్తంభం

మన కడియం స్టేషనున్న విజయవాడ–కటక్ రైలుమార్గం 1893–96 మధ్య వేశారు. ఇప్పుడంతా రంగుదీపాలే గాని, వెనకటి రోజుల్లో స్టేషన్ల బయట ఎత్తైన స్తంభానికి ఎర్ర చెయ్యి ఉండేది. అదే సెమాఫోర్. అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే పోవచ్చు. గ్రీకులో 'సేమా' అంటే గుర్తు. యోహాను సువార్తలోని 'సూచక క్రియ'కూ మూలం అదే.

ఫ్రాన్సులో 1794లో క్లాడ్ షాప్ ఇలాంటి చేతులతోనే పారిస్, లీల్ నగరాల మధ్య కబుర్లు నడిపాడు. ఓడలవాళ్ల జెండా సైగలకూ ఇదే పేరు.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఆ తీగ. కేబిన్లో లీవరు లాగితే తీగ బిగిసి చెయ్యి వాలేది. తీగ తెగిందా, అవతలి బరువు దిగి చెయ్యి తనంతట తానే అడ్డంగా లేచేది. కేబిన్‌తో సంబంధం తెగిన స్తంభం 'పో' అనదు, 'ఆగు' అంటుంది. రైల్లో నిద్రపోతున్నవాళ్లకు ఆ సంగతే తెలిసేది కాదు.