పెట్టె చరిత్ర: ఓడరేవు నుంచి సర్వర్ దాకా

ఈ భాగం చదివిన తరవాత, చిన్న వెబ్ అప్లికేషన్‌ను కంటైనర్‌లో పెట్టి నడిపే పద్ధతి ఎలా రూపొందిందో మీరు వివరించగలుగుతారు.

పరిచయం

మీది విడవలూరు అనుకోండి. రొయ్యల గుంటల్లో నీటి ఉప్పదనం, పీహెచ్, ఆక్సిజన్ వివరాలను రోజూ నమోదు చేసుకోవడానికి పైథాన్‌లో చిన్న అప్లికేషన్ రాశారు. మీ ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. అద్దె సర్వర్‌లోకి ఎక్కించగానే ఆగిపోయింది. అక్కడి పైథాన్ వెర్షన్ వేరు, లైబ్రరీలు వేరు. తప్పు మీ ప్రోగ్రాములో లేదు. చోటు మారడంలో ఉంది.

ఓడరేవుల అనుభవం

ఒకప్పుడు రేవుల్లోనూ ఇదే చిక్కు ఉండేది. బస్తాలు, పీపాలు వాహనం మారిన ప్రతిచోటా విడివిడిగా దించి ఎక్కించాల్సి వచ్చేది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ పంపిన ‘ఐడియల్ ఎక్స్’ నౌక 58 కంటైనర్లతో అమెరికాలోని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. అయితే 1960ల చివర ఐఎస్‌ఓ కొలతలు ఖరారు చేయడం మొదలయ్యాకే ఒకే పెట్టె ఓడకూ, రైలుకూ, లారీకీ ఎక్కడైనా సరిపోయే వీలు కలిగింది. ఈ మార్పులో ఎందరో రేవు కూలీలు పని కోల్పోయారన్నది కూడా మరవకూడదు.

కంప్యూటర్‌లో కంటైనర్

ఒక ప్రోగ్రామును మిగతావాటి నుంచి వేరుచేసి ఉంచాలనే ఆలోచన పాతదే. 1979లో యూనిక్స్ 7వ వెర్షన్‌లో ‘సీహెచ్‌రూట్’, 2000లో ఫ్రీబీఎస్‌డీలో ‘జైల్స్’ వచ్చాయి. గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టిన ‘సీగ్రూప్స్’ 2008లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. మన జిల్లాలో కృష్ణపట్నం కొత్త రేవు ప్రారంభమైందీ ఆ ఏడాదే కనుక దీన్ని సులువుగా గుర్తుపెట్టుకోవచ్చు. 2013లో సాలమన్ హైక్స్ ‘డాకర్’ను పరిచయం చేశారు. ఆయన వేరుచేసే విద్యను కనిపెట్టలేదు. దాన్ని అందరికీ అందే మూటగా కట్టారు. 2015లో ఏర్పడిన ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్ ఆ మూటకు ఉమ్మడి ప్రమాణాలు రూపొందించింది.

మీ అప్లికేషన్‌కు అన్వయం

ఇప్పుడు మీరు చేయవలసింది ఇది. ఏ పైథాన్, ఏ లైబ్రరీలు కావాలో ‘డాకర్‌ఫైల్’లో రాయండి. దాని నుంచి ఇమేజ్ తయారుచేసి, రిజిస్ట్రీకి పంపి, సర్వర్‌లో దించుకొని నడపండి. ఒక జాగ్రత్త: గుంటల లెక్కలను కంటైనర్ లోపల దాచకండి. కంటైనర్‌ను తొలగిస్తే అవీ పోతాయి. వాటిని బయట ‘వాల్యూమ్’లో ఉంచండి; దానికీ వేరే చోట నకలు పెట్టుకోండి. పెట్టెను ఎన్నిసార్లయినా మళ్ళీ చేయవచ్చు. పోయిన లెక్కలను చేయలేం.

సారాంశం

రేవులోనైనా సర్వర్‌లోనైనా మార్పు తెచ్చింది పెట్టె ఒక్కటే కాదు, పెట్టె ఎలా ఉండాలో అందరూ ఒప్పుకోవడం. ఆ ఒప్పందం వల్లనే పెద్ద సంస్థలు వాడే పద్ధతి విడవలూరులోని మీకూ అందింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

డాకర్ కంటే ముందే ఉన్న పద్ధతులు అంతగా వ్యాపించకపోవడానికి కారణమేమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.