జీపు ముందరి జల్లెడ

నర్సీపట్నం దాటి లంబసింగి ఘాటు ఎక్కేటప్పుడు మా నాన్నగారు ఒక మలుపు దగ్గర జీపు తప్పకుండా ఆపేవారు. బానెట్ ఎత్తి, ఇంజిన్ కాస్త చల్లారేదాకా ఆగి, తడిగుడ్డ మడిచి పట్టుకుని రేడియేటర్ మూత సగం తిప్పేవారు. బుస్సుమని ఆవిరి పోయాక డబ్బాతో నీళ్ళు పోసేవారు. వెనక సీటు కింద ఆ డబ్బా లేకుండా ఏజెన్సీ ప్రయాణమే లేదు.

ఆ జీపు ఇప్పుడు నా దగ్గరుంది. మొన్న వేసవిలో రేడియేటర్ కారడం మొదలెట్టింది. మొదట చూపించిన షాపులో విప్పి చూడకుండానే "ఇది పనికిరాదు, అల్యూమినియంది కొత్తది వేసెయ్యండి" అన్నారు. నాకు మనసొప్పలేదు. రేడియేటర్ల పనిలోనే జీవితమంతా గడిపిన ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని దించి, గొట్టాల మూతులకు బిరడాలు బిగించి, ఒక మూతిలోంచి గాలి కొడుతూ సిమెంటు తొట్టిలో ముంచారు. మూడు చోట్ల నుంచి బుడగలు వరసగా పైకి లేచాయి.

"ట్యాంకులు నిక్షేపంలా ఉన్నాయి బాబుగారూ. కోరే పోయింది. కోరు మార్చుకుంటే సరిపోద్ది" అన్నారు.

పై ట్యాంకు మీద ఓ పక్కన అర్ధరూపాయి బిళ్ళంత పాత మాటు ఒకటి ఉంది. దాన్ని బొటనవేలితో నిమిరి చూసి ఏమీ అనలేదు.

మేస్త్రి చెప్పిన కోరు అంటే ట్యాంకుల మధ్య గొట్టాలతో, రేకులతో ఉండే జల్లెడ. దానికి నూట పాతికేళ్ళ చరిత్ర ఉంది. అసలు కథ ఇంకాస్త ముందు నుంచి చెప్పుకోవాలి. ఇంజిన్లో కాలే ఇంధనం ఇచ్చే వేడిలో సుమారు మూడో వంతును నీళ్ళ ద్వారా బయటికి పంపెయ్యాలి. లేకపోతే పిస్టన్లు పట్టేస్తాయి. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో ఈ పని చేసే జల్లెడ లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరైపోవడమే చల్లార్చే పద్ధతి. అందుకే 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, కొడుకులిద్దరినీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండి నడిపినప్పుడు, దారి పొడుగునా దొరికిన చోటల్లా నీళ్ళు పోసుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది. మా నాన్నగారి నీళ్ళ డబ్బా అంత పాతదన్నమాట.

తర్వాత రెక్కలు తొడిగిన గొట్టాలను మెలికలు తిప్పి బండికి కట్టారు. అవీ చాల్లేదు. ఇంజిన్ బలం పెరిగేకొద్దీ మోయాల్సిన నీళ్ళు పెరిగాయి, నీళ్ళు పెరిగేకొద్దీ బండి బరువెక్కింది. ఈ చిక్కుముడి విప్పినవాడు డైమ్లర్ కంపెనీ ఇంజినీరు విల్‌హెల్మ్ మేబాక్. ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి 1900లో డైమ్లర్ కంపెనీకి 36 కార్ల ఆర్డరిచ్చి, కూతురు మెర్సిడెస్ పేరు వాటికి పెట్టమన్నాడు. ఆ 35 గుర్రాల బండికి మేబాక్ తేనెపట్టు రేడియేటర్ తయారుచేశాడు. ఆరు మిల్లీమీటర్ల చదరంగా ఉండే చిన్నచిన్న గొట్టాలు, మొత్తం 8,070, పక్కపక్కన పేర్చి చివర్లు కలిపి టంకం పెట్టించాడు. ఆ గొట్టాల్లో వెళ్ళింది నీళ్ళు కాదు, గాలి! వాటి మధ్య మిగిలిన సన్నటి సందుల్లోంచి నీళ్ళు పల్చటి పొరలా జారాయి. వెనక ఫ్యాను గాలిని లాగింది. కొంచెం నీళ్ళతోనే పెద్ద ఇంజిన్ చల్లబడింది. 1901 మార్చిలో నీస్ నగరంలో జరిగిన పందేల్లో ఆ బండి అందరినీ దాటిపోయింది. కారు ముఖం ఇలా ఉంటుందని మన కళ్ళకు అలవాటైనది అప్పటి నుంచే.

గొట్టాల్లో నీళ్ళు, బయట గాలి అనే ఇప్పటి పద్ధతి చేయడానికి సులువు కాబట్టి తర్వాత అదే నిలబడింది. ఫోర్డ్ మోడల్ టిలో అయితే మొదటి రెండున్నర వేల బండ్ల తర్వాత నీళ్ళ పంపు కూడా తీసేశారు. వేడినీళ్ళు వాటంతటవే పైకి, చల్లనివి కిందకి. వంటింట్లో గిన్నెలో నీళ్ళు తిరిగినట్టే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. రేడియేటర్ అంటే కిరణాలుగా వేడిని వెదజల్లేదని అర్థం. నిజానికి మన బండిలో వేడిని మోసుకుపోయేది తగిలి వెళ్ళే గాలి. ఇది తెలియక చాలామంది పాత జీపుల్లో ఫ్యాను చుట్టూ ఉండే రేకు కవచాన్ని అడ్డమని పీకి పారేస్తారు. అది లేకపోతే ఫ్యాను కోరులోంచి గాలి లాగదు, చుట్టుపక్కల గాలినే చిలుకుతుంది. ఘాటులో ఫోర్ వీల్ వేసి మొదటి గేరులో పాకేటప్పుడు ఇంజిన్ అరుస్తూ ఉంటుంది, బండి మనిషి నడకతో వెళ్తుంది, ఎదురుగాలి ఉండదు. మిగతా కార్ల కన్నా జీపుకి ఫ్యానూ కవచమూ ముఖ్యం కావడానికి కారణం అదే.

1941లో సైన్యం కోసం విల్లీస్ జీపు వచ్చినప్పుడు రేడియేటర్ ముందు ఇనుప పట్టీలు వెల్డింగ్ చేశారు. ఫోర్డ్ వాళ్ళు అదే జీపుకి ఒకే రేకులో తొమ్మిది చీలికలు కొట్టించారు. చవగ్గా అయింది, విల్లీసూ దాన్నే తీసుకుంది. 1945లో పౌరుల జీపుకి పెద్ద దీపాలు పెట్టడంతో చీలికలు ఏడయ్యాయి. 1940ల చివర్లో మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలెట్టాక ఆ ముఖం మన ఊళ్ళకీ వచ్చింది. రేడియేటర్ మూతలో పీడనాన్ని పట్టి ఉంచే స్ప్రింగు కూడా ఆ కాలానికి మామూలైపోయింది. పౌను పీడనం పెరిగితే నీళ్ళు మరిగే వేడి డిగ్రీన్నర పెరుగుతుంది. ఏడు పౌన్ల మూత వేస్తే 111 డిగ్రీల దాకా నీళ్ళు మరగవు. అలాగని పాత కోరుకి కొత్త కార్ల పదిహేను పౌన్ల మూత బిగిస్తే అతుకులు విడిపోతాయి.

ఆ అతుకుల్లోనే ఉంది అసలు సంగతి. సీసం, తగరం కలిసిన టంకం 183 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఇత్తడి కరగాలంటే తొమ్మిది వందలు కావాలి. ఆ రెంటి మధ్య అంత ఎడం ఉండబట్టే మేస్త్రి మంట చూపించి ట్యాంకును ఊడదీసి మళ్ళీ అతకగలడు. అల్యూమినియం కోరును ఫ్యాక్టరీ కొలిమిలో ఆరు వందల డిగ్రీల దగ్గర అతుకుతారు. అల్యూమినియమే 660కి కరిగిపోతుంది. వీధి చివరి షాపులో ఆ సన్నటి గీత మీద ఎవరు నిలబడగలరు? పైన ప్లాస్టిక్ ట్యాంకు, రబ్బరు పట్టీ. తేలిక, చవక, కొత్త కార్లకు సరే. పగిలితే మాత్రం మార్చడమే.

మేస్త్రి ట్యాంకులు విప్పాక పాత గొట్టాలు చూపించారు. సగానికి సగం తెల్లటి సుద్దతో పూడిపోయి ఉన్నాయి. అన్నేళ్ళూ పోసిన బోరు నీళ్ళ పుణ్యం. మధ్యలో గోధుమరంగు ముద్ద కూడా ఉంది. దారిలో కారినప్పుడు పసుపు పోస్తే కన్నం మూసుకుంటుందని డ్రైవర్లంతా చేసే పనే మేమూ చేశాం. కన్నంతో పాటు పక్క గొట్టాలూ మూసుకున్నాయి.

కొలతలకు చేయించిన మూడు వరసల కొత్త కోరు రెండ్రోజుల్లో వచ్చింది. ఇత్తడి గొట్టాలు, రాగి రేకులు. యాసిడ్లో జింకు ముక్కలు వేసి పొంగు అణిగాక అంచులకు కుంచెతో రాశారు. మంట తగలగానే టంకం వెండిలా మెరిసి గాడి పొడుగునా పరిగెత్తింది. సీసం పొగ పీల్చకూడదని ఆయన బల్లను గుమ్మం బయటే పెట్టుకున్నారు, నన్నూ దూరంగా జరగమన్నారు. మళ్ళీ తొట్టిలో ముంచారు. ఒక్క బుడగా రాలేదు.

జీపుకి బిగించాక డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోస్తూ ఇంజిన్ నడిపించారు. నీళ్ళు దిగుతున్నాయి, గాలి బుడగలు వస్తున్నాయి, మళ్ళీ పోస్తున్నారు. నల్లరంగు వేసే ముందు ఆ అర్ధరూపాయంత మాటును గీకి కొత్తగా పెడతారేమో అనుకుని అడిగాను.

"ఎందుకండీ, గట్టిగానే ఉంది" అని, దాని మీదుగా రంగు వేసేశారు.