హెర్మెన్యూటిక్స్ – టీకాకర్త – దుబాసీ

ఆంగ్లంలోని ‘హెర్మెన్యూటిక్స్’ను మనం ‘వ్యాఖ్యానశాస్త్రం’ అంటున్నాం. తప్పు కాదు గాని, అది సగం అర్థమే. దీనికి మూలమైన గ్రీకు ‘హెర్మెనెయుస్’ పదానికి గూఢార్థాన్ని విప్పి చెప్పేవాడు అనే కాక, ఒకరి మాటను వేరొక భాషలో వినిపించేవాడు అనే అర్థం కూడా ఉంది. (హెర్మెస్ దేవుని పేరు నుంచి ఈ పదం పుట్టిందన్న కథ ప్రసిద్ధమే గాని నిర్ధారితం కాదు.) 1654లో డాన్‌హౌవర్ తన గ్రంథనామంలో వాడినప్పుడు అది బైబిల్ వ్యాఖ్యాన పద్ధతికి పేరు. మనకు అందింది ఆ అర్థమే.

తెలుగులో ఈ రెండు పనులకు రెండు పేర్లున్నాయి. ఒకరు టీకాకర్త, మరొకరు దుబాసీ. మొదటివారిది పండితగోష్ఠి, రెండవవారిది కచేరీ.

1820లో కడపకు కొలువుకు వచ్చిన సి.పి. బ్రౌన్ దగ్గర ఈ విభజన నిలవదు. కడపలోని తన బంగళాలో ఆయన పండితులను పోషించి, తాళపత్ర ప్రతులను పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. అది దుబాసీ పని. జూలూరి అప్పయ్య చేత వసుచరిత్రకు వ్యాఖ్య రాయించి 1844లో అచ్చు వేయించాడు. శ్లేషతో నిండిన ఆ కావ్యంలో ఒక్కో పదం రెండేసి అర్థాలిస్తుంది. పండితుడు వాటిని విడదీసి చూపనిదే నిఘంటుకర్త ఆంగ్లార్థం రాయలేడు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువును దుబాసీ పనిగానే చదవడం అలవాటైంది. అందులోని టీకాకర్తల పాలును అప్పయ్య వ్యాఖ్యతో పదం పదం సరిపోల్చి తేల్చవలసి ఉంది.