ఉలి అంచున ఉక్కు కథ

ఉలి అంచు ఎంత వాడిగా ఉంటుందో, ఆ వాడి ఎంతకాలం నిలుస్తుందో తేల్చేది సానరాయి ఒక్కటే కాదు, లోపలి ఉక్కు కూడా. కర్బనం చాలకపోతే అంచు వంగిపోతుంది. మరీ ఎక్కువై కార్బైడు రేణువులు ముతకగా ఏర్పడితే, అవి ఊడి అంచున గంట్లు పడతాయి. లోపల చిట్టెం మిగిలితే అక్కడే విరుగుతుంది.

అమెరికాలో పాత సామాన్ల దుకాణాల్లో దొరికే 19వ శతాబ్దపు ఉలుల మీద తరచు ‘కాస్ట్ స్టీల్’ అన్న ముద్ర ఉంటుంది. మసాచుసెట్స్‌లోని మిల్‌బరీలో బక్ బ్రదర్స్ చేసినవి అలాంటివే. అంటే ఉలిని పోతపోశారని కాదు. మట్టి మూసలో కరిగించిన ఉక్కును సాగగొట్టి చేశారని. ఇంగ్లండులో షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో ఈ పద్ధతి సాధించాడు. ఉక్కు పూర్తిగా కరిగితే చిట్టెం విడిపోతుంది, కర్బనం అంతటా సమంగా పరుచుకుంటుంది.

మూసలో ఉక్కు చేయడం మన కమ్మరులకు అంతకు శతాబ్దాల ముందే తెలుసు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో రెండు రకాల ఇనుము కలిపి మూసల్లో కరిగించే తీరును హెన్రీ వాయిసీ చూసి రాశాడు. అతను పోయాక, 1832లో, అది కలకత్తాలో అచ్చయింది. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ‘ఊట్జ్’ అన్నారు. తెలుగు, కన్నడాల్లోని ‘ఉక్కు’ అన్న మాటే దానికి మూలమని చాలామంది పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ దానిపై రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. లండనులో శస్త్రచికిత్స పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్ సన్నని అంచుకు దాన్ని మెచ్చుకున్నాడు. తర్వాత ఫారడే కూడా దాన్ని పరీక్షించాడు.

అయితే గర్వంతో పాటు వాస్తవం కూడా చెప్పుకోవాలి. ఊట్జ్‌లో కర్బనం సుమారు 1.5 శాతం. వేడి కాస్త మించితే సుత్తి దెబ్బకే పగిలిపోతుంది. రోజూ వాడే ఉలికి, కర్బనం తక్కువగా ఉండి సులువుగా సాగే షెఫీల్డ్ ఉక్కే అనువైనది.

అయోవా స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు జాన్ వెర్‌హోవెన్, ఫ్లోరిడా కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి 1990లలో చేసిన ప్రయోగాల్లో, ఆ కత్తుల మీది అలల చారలకు వెనేడియం వంటి లోహాల అతిస్వల్ప ఉనికి కారణమని తేలింది. కోనసముద్రం కమ్మరికి వెనేడియం పేరు తెలియదు. ఏ ఇనుములో ఏది కలపాలో తెలుసు. హంట్స్‌మన్ పేరు చరిత్రకెక్కింది, ఆ కమ్మరుల పేర్లు ఎక్కలేదు. వాళ్ళు వదిలి వెళ్ళిన ఒక్క మాట మాత్రం ఇంగ్లీషు నిఘంటువుల్లో మిగిలింది. అది ఎక్కడిదో మన పిల్లలకు చెప్పడం మన వంతు.