పటానికెక్కిన పేర్లు, ఎక్కని పేర్లు

బ్రయన్ ఫ్రీల్ నాటకం ‘ట్రాన్స్‌లేషన్స్’ 1980లో డెరీ నగరంలో ప్రదర్శితమైన నాటినుంచి సాహిత్య విద్యార్థుల మనస్సుల్లో ఒక చిత్రం స్థిరపడిపోయింది: ఇంగ్లీషు సైనికులు వచ్చి ఐరిష్ ఊళ్ల పేర్లు చెరిపి తమ పేర్లు పెట్టారని. నాటకంగా అది బలమైన కల్పనే. దాన్నే చరిత్రగా తీసుకుంటే అసలు దోషి తప్పించుకుపోతాడు.

1824లో బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లండులో సర్వే ప్రారంభించింది పన్ను కోసం. స్థానిక పన్ను వేయాలంటే ‘టౌన్‌లాండ్’ అనే చిన్న చిన్న భూభాగాల హద్దులూ పేర్లూ తేలాలి. అవి అరవై వేల పైచిలుకు. ఒకే చోటును ఒక్కో దస్తావేజు ఒక్కో రకంగా రాసింది. ఈ చిక్కు విప్పడానికి 1830లో చేరినవాడు జాన్ ఒడోనవన్, కిల్కెన్నీ ప్రాంతపు రైతుబిడ్డ. పాత రూపాలన్నీ ఎక్కించిన ‘నేమ్‌బుక్కులు’ పట్టుకుని ఆయన పల్లెలు తిరిగాడు. ఐరిష్ మాట్లాడే వృద్ధుల నోట పేరు పలికించుకున్నాడు. ఐరిష్ రూపం రాసుకుని, అర్థం రాసుకుని, పటానికి మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగు సూచించాడు.

ఆ స్పెల్లింగుల్లో అధికభాగం సైనికులు పుట్టించినవి కావు. పదిహేడో శతాబ్దంలో భూములు లాక్కున్నప్పుడు, 1650లలో విలియం పెట్టీ చేసిన సర్వేతో సహా, దస్తావేజుల్లోకి ఎక్కినవే ఎన్నో. గుట్ట అని అర్థమిచ్చే ‘క్నొక్’ ఇంగ్లీషు నోట ‘నాక్’ అయింది. చర్చికీ అడవికీ ఐరిష్‌లో వేరువేరు మాటలుండగా చాలాచోట్ల రెండూ ‘కిల్’ అయ్యాయి. అక్కడ ఉన్నది గుడో, చెట్లో పటం చూసి చెప్పలేం. మన ఊళ్ల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో చదివి అర్థం చెప్పబోయినవారికి ఈ అవస్థ తెలుసు.

ఒడోనవన్‌ను సామ్రాజ్య గుమస్తా అని కొట్టిపారేయడం సులభం. జీతమిచ్చింది సామ్రాజ్యమే, నిజం. కవి మంగన్ కూడా ఆ కార్యాలయంలోనే నకళ్లు రాసి బతికాడు. కానీ ఆ జీతం రాళ్లే పేర్ల చరిత్రను కాగితం మీద నిలబెట్టాయి. హద్దులు తేలేదాకా పాలకులు దాన్ని సహించారు. స్థానిక చరిత్ర గ్రంథాల్లో 1837లో ఒక్కటి వెలువడగానే ఖర్చెక్కువన్నారు. 1842లో ఆ శాఖే మూతపడింది.

అసలు దెబ్బ కొట్టింది కలం కాదు. 1831 నుంచి ఇంగ్లీషులో నడిచిన బడులు. 1845లో మొదలైన కరువు. సుమారు పదిలక్షలమంది చచ్చారు, అంతకుమించినవారు ఓడలెక్కారు. ఎక్కువగా నష్టపోయింది పశ్చిమ ప్రాంతాల పేద రైతులూ కూలీలూ, అంటే ఐరిష్ మాట్లాడేవాళ్లు. టౌన్‌లాండ్ పేర్లు పటం మీద మిగిలాయి. పొలానికీ, బండకూ, ఊటకూ వాళ్లు పెట్టుకున్న చిన్న పేర్లను పన్ను అడగలేదు కనుక అవి చాలావరకు రాతకెక్కలేదు, పలికేవాళ్లతోనే పోయాయి.

ఐర్లండు ప్రభుత్వం 1946లో స్థలనామాల కమిషన్ నియమించింది. అధికారిక ఐరిష్ రూపాలు తేల్చడానికి ఆ పరిశోధకులు తిరగేసిన ఆధారాల్లో, పన్ను కోసం పుట్టిన ఆ నేమ్‌బుక్కులూ ఉన్నాయి.