కదిలిన కొలువులు, కదలని కాపురాలు

ఉమ్మడి కృష్ణా జిల్లా పడమటి మెట్ట, అంటే నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చేదాకా వానను, చెరువును నమ్ముకుని సేద్యం చేసిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం, ఏ పెద్ద రాజ్యానికీ రాజధాని కాలేదు; అయినా సుమారు రెండువందల ఇరవై ఏళ్ల ఎడంతో రెండుసార్లు ఒక కొలువు పాతచోటు విడిచి కృష్ణ దక్షిణపు ఒడ్డున అమరావతి ప్రాంతానికి తరలినప్పుడు ఆ తరలింపు ఈ మెట్టతో ముడిపడే జరిగింది. మొదటిసారి కదిలినవాడు ఈ మెట్ట గ్రామాల శిస్తు మీద బతికిన జమీందారు, రెండోసారి కదిలినవారు హైదరాబాదు నుంచి వచ్చిన ప్రభుత్వోద్యోగులు, వారు ప్రతివారం దాటిన జాతీయ రహదారి జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్లల మీదుగానే సాగుతుంది. కంచికచర్ల మండలంలో నది ఉత్తరపు ఒడ్డున ఉన్న చెవిటికల్లుకు ఆవలి తీరంలోనే అమరావతి, ధరణికోట ఉన్నాయి. పెద్ద ఊరిని వదిలి చిన్న ఊరికి పోవాలా వద్దా అన్న ప్రశ్న ఏలికలకు ఒక తీరుగానూ, వారి వెంట నడవవలసిన కుటుంబాలకు మరొక తీరుగానూ ఎదురవుతుందనడానికి ఇంత దగ్గరగా రెండు నిదర్శనాలున్న చోటు ఆంధ్రదేశంలో మరొకటి అరుదు.

పద్దెనిమిదో శతాబ్దం చివర ఈ ప్రాంతం వాసిరెడ్డి వారి జమీందారీలోది. జమీందారు అంటే పైప్రభుత్వానికి ఏటా పేష్కషు, అనగా ఒప్పుకున్న కప్పం, చెల్లించి గ్రామాల శిస్తు తాను వసూలు చేసుకునే స్థానిక ప్రభువు. వారి పాత పరగణాలలో నందిగామ ఒకటి. కొలువు మాత్రం కృష్ణ దక్షిణపు ఒడ్డున ఉన్న చింతపల్లి కోటలో ఉండేది. ఉత్తర సర్కారులు, అంటే నిజాము పాలనలో సర్కారులనే విభాగాలుగా ఉండిన తీరదేశం, 1766లో ఈస్టిండియా కంపెనీకి దక్కగా గుంటూరు సర్కారు ఒక్కటి 1788 వరకు ఆగింది. అందువల్ల ఏటికి ఈవల భూములు, ఆవల భూములు రెండు దశాబ్దాల పాటు ఇద్దరు యజమానుల కింద ఉండిపోయాయి. 1783లో జమీందారీకి వచ్చిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు ఈ రెండు ఒడ్లనూ ఒక్క చేతి మీద నడిపిన సమర్థుడు.

ఊళ్లు కట్టడం ఆయనకు కొత్త కాదు. మెట్టలో బేతవోలు అనే పల్లె దగ్గర తండ్రి జగ్గయ్య పేర పేట వెలయించాడు. పేట అంటే వర్తకులను, వృత్తులవారిని కూర్చి అంగడి వీధులతో నెలకొల్పిన ఊరు. తల్లి అచ్చమ్మ పేర అచ్చంపేట వెలసింది. జగ్గయ్యపేట నిలిచి పెరగడానికి కారణం ఊహించడం కష్టం కాదు: నిజాము రాజ్యపు సరిహద్దు పక్కనే ఉండటం, బందరు రేవుకూ హైదరాబాదుకూ మధ్య సరుకు నడిచే దారి మీద పడటం వల్ల అక్కడ దుకాణం తెరిచిన కోమటికి రాజు ఆదరణ తగ్గినా బేరం తగ్గలేదు. ఈ తేడా గుర్తుంచుకోదగినది, ఎందుకంటే ఆయన ఆ తరువాత కట్టిన పట్టణానికి ఇటువంటి ఆధారం లేదు.

1790ల నడుమ వేంకటాద్రినాయుడు చింతపల్లిని వదిలి అమరేశ్వరాలయం ఉన్న చిన్న క్షేత్రమైన అమరావతికి కొలువు మార్చడానికి నిశ్చయించాడు. కారణాలను గూర్చి రెండు కథనాలున్నాయి. కంపెనీ అధికారులతో ఏర్పడిన స్పర్ధ ఒకటి: సొంత బలగంతో స్వతంత్రంగా మెలగడానికి అలవాటుపడిన జమీందారులను కంపెనీ అదుపులోకి తెచ్చుకుంటున్న రోజులవి. రెండోది జనశ్రుతి: దారిదోపిళ్లు చేస్తున్నారన్న నెపంతో చెంచులను విందుకు పిలిపించి నరికించాడని, ఆ పాపం అన్నంలో పురుగులై కనబడగా మనశ్శాంతి కోసం అమరేశ్వరుని సన్నిధికి చేరాడని గుంటూరు, కృష్ణా జిల్లాలలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ కథను ప్రభువు పశ్చాత్తాప గాథగా మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు. చంపబడినవారి వైపు నుంచి దాన్ని రాసిపెట్టినవారు లేరన్నది కూడా చరిత్రలో భాగమే.

రాజు కదలడం ఒక్కరోజు పని, పట్టణం కదలడం అలా కాదు. వర్తకులు, వృత్తులవారు చింతపల్లిలో ఇళ్లు, బాకీలు, బంధుత్వాలు వదులుకుని రావాలి. అందుకు ఆయన వారిని పిలిపించి ఇళ్లు కట్టుకోవడానికి తోడ్పడ్డాడు. కట్టడానికి కావలసిన ఇటుక, రాయి కోసం పనివారు దగ్గరలో ఉన్న దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను తవ్వారు. అది శాతవాహనుల నాటికే వెలసి, ఆ తరువాత కూడా పెంపొందిన బౌద్ధస్తూపం. పాలరాయి వలె మెరిసే సున్నపురాతి పలకలపై బుద్ధుని జీవితఘట్టాలు చెక్కబడిన మహాచైత్యం. ఇక్కడి శిల్పాల సంగతి విన్న కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూసేసరికి తవ్వకం సాగిపోయి ఉంది. ఆయన మరి ఇరవై ఏళ్లకు తిరిగివచ్చి పటాలు, చిత్రాలు రాయించేనాటికి దిబ్బ నడుమ పెద్ద గొయ్యి ఏర్పడింది, కొన్ని పలకలు శివగంగ చెరువు మెట్లకు చేరాయి. కొత్త ఊరికి రండని వర్తకులకు ఇచ్చిన ఆ చవకైన ఇటుక వెనుక దాదాపు రెండువేల ఏళ్ల కట్టడం కరిగిపోయింది. స్థలం ఉచితం, సామగ్రి ఉచితం అన్న ప్రతి ఆహ్వానంలోనూ దాని ధర మరెవరో, కొన్నిసార్లు ఎన్నడో గతించినవారు, చెల్లిస్తూనే ఉంటారు.

అమరావతికి వచ్చిన ఆ కుటుంబాలు నమ్మినది చోటును కాదు, ఒక మనిషిని. వేంకటాద్రినాయుడు దానశీలుడు, 1807-09 నడుమ మంగళగిరిలో పదకొండంతస్తుల గాలిగోపురం కట్టించినవాడు. అటువంటి ప్రభువు వెన్నుదన్నుగా ఉండగా బేరానికి లోటు ఏముంటుందని వారు తలపోసి ఉంటారు. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం, అంటే జమీందారు కట్టవలసిన మొత్తాన్ని ఎల్లకాలానికీ ఖాయపరచిన ఏర్పాటు, వచ్చాక ఆస్తి స్థిరపడినట్లే కనిపించింది. 1816లో ఆయన మరణించాడు. కన్నకొడుకులు లేక ఇద్దరిని దత్తత తీసుకోవడంతో వారసత్వపు వ్యాజ్యాలు ముప్పై ఏళ్లు సాగి లండనులోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయాయి. మొదటి దత్తపుత్రుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో వచ్చిన తీర్పును హిందూ ధర్మశాస్త్ర విద్యార్థులు నేటికీ చదువుతారు. ఆ మధ్యకాలంలో జమీందారీ బకాయిలలో కూరుకుపోయింది. కొలువు ఆరిన అమరావతి తిరిగి క్షేత్రంగా, చుట్టుపక్కల పల్లెల సంత ఊరుగా మిగిలింది. కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో దీపాలదిన్నెను మళ్లీ తవ్వించి మద్రాసుకు పంపిన పలకలు 1859లో లండనుకు ఓడెక్కాయి. తండ్రి పేరిట వెలసిన జగ్గయ్యపేట మాత్రం వర్తకం మీద నిలబడి పట్టణంగా ఎదిగింది.

ఇరవయ్యో శతాబ్దంలో కొలువు మార్చే నిర్ణయం ప్రభువు చేతి నుంచి శాసనసభకు, దానితోపాటు ప్రతి గుమాస్తా ఇంటికీ వచ్చింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడిక ప్రకారం ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమది. 1953 అక్టోబరు 1న రాష్ట్రం అవతరించినప్పుడు విజయవాడ కోసం గట్టిగా వాదించినవారున్నా కర్నూలు రాజధాని అయింది, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరులో వెలసింది. అంటే మద్రాసు వంటి మహానగరంలో కొలువు చేసిన ఉద్యోగి తుంగభద్ర ఒడ్డున గుడారాలలో కచేరీ నడిపే ఊరికి పోవలసివచ్చింది. ఆ కొత్త రాజధాని ఎంతకాలముంటుందో ఎవరికీ నమ్మకం లేదు. విశాలాంధ్ర, అంటే తెలంగాణతో కలిసిన తెలుగు రాష్ట్రం, వస్తే హైదరాబాదుకే పోతామన్న ఆశ గాలిలో ఉన్నప్పుడు కర్నూలులో సొంత ఇంటికి పునాది తీయడానికి ఎవరు సాహసిస్తారు? 1956 నవంబరు 1న ఆ ఆశ నిజమై కొలువు మళ్లీ కదిలింది.

ఇదే కాలంలో ఉత్తర్వు లేనిచోట ఏమి జరిగిందో కూడా చూడవలసి ఉంది. తెలుగు సినిమాను ఎవరూ మద్రాసు వదలమని ఆదేశించలేదు. స్టూడియోలు, ఛాయాగ్రాహకులు, వాద్యబృందాలు, ముద్రణశాలలు, పంపిణీదారుల అప్పులు అన్నీ ఒకచోట అల్లుకుని ఉన్న ఆ పరిశ్రమ రాష్ట్రం వచ్చిన తరువాత కూడా దశాబ్దాలు అక్కడే ఉండి, హైదరాబాదులో సారథి స్టూడియో 1950లలోనే వెలసినా, అన్నపూర్ణ స్టూడియో 1976లో తెరిచినా, మెల్లమెల్లగా, ఒక్కొక్క శాఖగా తరలింది. ఆలస్యమైనా ఆ తరలింపు తిరుగులేనిదైంది, ఎందుకంటే అక్కడ మొదట కదిలింది పని, దాని వెనుక కాపురాలు.

2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టం హైదరాబాదును పదేళ్లకు మించకుండా ఉభయ రాష్ట్రాల ఉమ్మడి రాజధాని చేసింది. ఉద్యోగుల పంపకం కమలనాథన్ కమిటీ చేపట్టింది. జనాభా నిష్పత్తి ప్రకారం రమారమి 58 పాళ్లు ఆంధ్రప్రదేశ్‌కు, 42 పాళ్లు తెలంగాణకు. అదే ఏడు సెప్టెంబరులో విజయవాడ పరిసరాలలో రాజధాని అని ప్రభుత్వం ప్రకటించింది. భూసమీకరణ, అంటే రైతు భూమి ఇచ్చి నగదుకు బదులు అభివృద్ధి చేసిన స్థలంలో వాటా, కొన్నేళ్ల కౌలు పొందే ఏర్పాటు, కింద 33 వేల ఎకరాలకు పైగా సమకూరింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో అమరావతి పేరిట రాజధానికి శంకుస్థాపన, 2016 ఫిబ్రవరిలో వెలగపూడిలో తాత్కాలిక సచివాలయానికి పునాది, ఆ వేసవి దాటగానే ఉద్యోగుల తరలింపు మొదలు. పదేళ్ల గడువు చేతిలో ఉండగా రెండేళ్లకే కదలడం రాజకీయ నిర్ణయం. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కనున్న సచివాలయంలో మూడు దశాబ్దాలు పనిచేసిన సెక్షన్ ఆఫీసరుకు అది ఇంటిలో తేలవలసిన నిర్ణయం.

ఆ ఇంటి లెక్కలో మొదటి అంశం జీతభత్యాలు కాదు. భార్య గానీ భర్త గానీ తెలంగాణ ప్రభుత్వంలోనో, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థలోనో ఉద్యోగం చేస్తుంటే ఒకరు మాత్రమే కదలగలరు. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో అప్పు మీద కొన్న ఫ్లాటు ఇంకా వాయిదాలలో ఉంటుంది. వృద్ధులైన తల్లిదండ్రుల వైద్యం నిమ్స్ వంటి ఆసుపత్రితో ముడిపడి ఉంటుంది. వీటన్నిటికన్నా బరువైనది పిల్లల స్థానికత. 371డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివితే విద్యార్థి అక్కడి స్థానికుడు. కాబట్టి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగి బిడ్డ హైదరాబాదులో పదో తరగతి, ఇంటర్ పూర్తిచేస్తే తల్లిదండ్రులు కొలువు చేసే రాష్ట్రంలోనే స్థానికేతరుడవుతాడు. 2016లో కేంద్రం దీన్ని సడలించి, 2014 జూన్ 2 నుంచి మూడేళ్లలోపు తరలివచ్చినవారిని స్థానికులుగా గుర్తించింది. ఆ గడువు తరువాత పొడిగించబడింది. ప్రభుత్వం ఇచ్చిన సౌకర్యాలన్నిటిలో కుటుంబాన్ని నిజంగా కదిలించగలిగినది ఇదొక్కటే, ఎందుకంటే ఇది వస్తేనే దక్కేది.

మిగిలిన సౌకర్యాలు వేరే పని చేశాయి. వారానికి అయిదు పనిదినాలు, హైదరాబాదు స్థాయి ఇంటద్దె భత్యం, ఒంటరిగా వచ్చినవారికి ఉచిత వసతి, విజయవాడ, సికింద్రాబాదుల మధ్య రైలు: ఇవన్నీ మానవత్వంతో ఇచ్చినవే, ఇవ్వకపోతే ఆ మొదటి ఏళ్లలో ఉద్యోగుల బాధ చెప్పనలవి కాకపోయేది. కాని వాటి మొత్తం ఫలితం కుటుంబం హైదరాబాదులోనే ఉండటాన్ని సులభం చేయడం. శుక్రవారం సాయంత్రం ఇబ్రహీంపట్నం దాటి కంచికచర్ల, కీసర, నందిగామ, చిల్లకల్లు మీదుగా గరికపాడు సరిహద్దు చేరే బస్సులు, కార్లు ఆదివారం రాత్రికో సోమవారం తెల్లవారుజామునకో తిరిగివచ్చేవి. సుమారు 270 కిలోమీటర్ల ఆ దారి కొలువును కదిలించి కాపురాన్ని కదలనివ్వలేదు. మెట్ట ఊళ్లకు దానివల్ల దక్కింది రోడ్డు పక్క హోటళ్ల బేరం, పెరిగిన స్థలాల ధరలు, తగ్గని ప్రమాదాలు.

చెవిటికల్లు వంటి ఏటిగట్టు గ్రామం పాత్ర మరింత ప్రత్యేకమైనది. దక్షిణపు ఒడ్డు భూసమీకరణలోకి పోగా ఉత్తరపు ఒడ్డు నగరాలకు ఇసుక ఇచ్చింది. 2021 ఆగస్టులో ఎగువ నుంచి ఒక్కసారిగా వరద రావడంతో చెవిటికల్లు రేవులో ఇసుక కోసం నదిలోకి దిగిన లారీలు వందకు పైగా చిక్కుకుపోయాయి. నాడు దీపాలదిన్నె ఇటుకతో కట్టినట్లే నేడు కృష్ణ ఇసుకతో కడుతున్నారు. ఏటి అడుగు ఎంత లోతుకు పోతున్నదో లెక్కించవలసిన బాధ్యత ఈసారి బతికున్నవారిదే.

2019 డిసెంబరులో సచివాలయాన్ని విశాఖపట్నానికి మార్చే మూడు రాజధానుల ఆలోచన వెలువడిన తరువాత ఆ ఇంటి లెక్కే తారుమారైంది. వచ్చి విజయవాడలో, గుంటూరులో ఇల్లు కొన్న ఉద్యోగి విశాఖపట్నానికి పోవలసివస్తుందేమోనని, రానివాడు ఆగడమే మంచిదైందని అనుకునే పరిస్థితి. ఉద్యోగుల కోసం లేచిన బహుళ అంతస్తుల నివాసాలు అసంపూర్తిగా సంవత్సరాల తరబడి నిలిచిపోయాయి. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతి పక్షాన తీర్పు ఇచ్చింది, 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరింది, అదే నెలలో ప్రభుత్వం మారింది, 2025 మే 2న పనులు మళ్లీ ప్రారంభించబడ్డాయి. 2016లో ఆరో తరగతి చదువుతూ తండ్రిని వారాంతాలలో మాత్రమే చూసిన పిల్లలు అప్పటికి కళాశాల చదువులో ఉన్నారు. రాజధానిలో 2017లోనే ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తెరుచుకున్నాయి, కాని హాస్టలులో ఉండి చదివే విద్యార్థి వెంట తల్లిదండ్రులు రారు. ఉద్యోగి ఇల్లు మార్చాలంటే కావలసినది నడిచిపోయేంత దూరంలో మంచి హైస్కూలు, రాత్రివేళ వైద్యుడున్న ఆసుపత్రి, తోడుగా వచ్చిన భార్యకో భర్తకో ఒక ఉద్యోగం. ఆగిపోయిన నివాస గోపురాల పని తిరిగి మొదలైన తరువాత కూడా వెలగపూడి నుంచి శుక్రవారపు సాయంకాలపు బండ్లు గరికపాడు వైపు బయలుదేరుతూనే ఉన్నాయి.