గీస్ బెండ్ బొంతలు

ఈ స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం వారు అడిగారు. సోషల్ మాస్టారుగా రాజులూ యుద్ధాలూ చెప్పీ చెప్పీ విసిగాను. అందుకే ఈసారి బొంతలు కుట్టిన ఆడవాళ్ల సంగతి రాస్తున్నాను. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత కప్పుకుని పెరిగినవాళ్లం, మనకిది మరీ కొత్త కాదు.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, అలబామా నది మూడు వైపులా చుట్టుకున్న పల్లె గీస్ బెండ్. 1816లో జోసెఫ్ గీ అనే భూస్వామి అక్కడ బానిసలతో పత్తి సాగు పెట్టించాడు. 1845లో ఆ భూమి మార్క్ పెట్‌వే చేతికి వెళ్లింది. బానిసత్వం రద్దయ్యాక కూడా ఆ నల్లజాతి కుటుంబాలు అదే నేలను కౌలుకు చేసుకున్నాయి. నేటికీ ఆ ఊళ్లో చాలామంది ఇంటిపేరు పెట్‌వే. మన ఇంటిపేర్లు ఎక్కువగా ఊరిని చెబుతాయి, వాళ్లది పాత యజమానిని చెబుతుంది.

1932లో అప్పులిచ్చిన వ్యాపారి చనిపోతే, అతని తరఫువాళ్లు బాకీ కింద మొక్కజొన్న, పశువులు, పనిముట్లు అన్నీ ఊడ్చుకుపోయారు. అలాంటి ఊళ్లో బొంత అలంకారం కాదు. పలకల సందుల్లోంచి చలిగాలి కొట్టే ఇంట్లో పిల్లలు బతకాలంటే బొంత కావాలి. చిరిగిన పని బట్టలు, పిండి సంచులు, ఏవీ పారేసేవారు కాదు. పైభాగం ఎవరికి వారు ఇంట్లో తమకు తోచిన తీరులో అతికేవారు. తర్వాత నలుగురైదుగురు చేరి చట్రానికి బిగించి, పత్తి పరిచి, అడుగు గుడ్డతో కలిపి కుట్టేవారు. చర్చిలో పాడే పాటలూ ప్రార్థనలూ ఆ చట్రం చుట్టూ కూడా సాగేవి. ఆదివారం ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లే వారంలో ఒకే చట్రం దగ్గర కూర్చునేవారు. ఆ స్నేహం తర్వాత చాలా పనికొచ్చింది.

1962లో నల్లవాళ్లు ఓటు కోసం కదలగానే, పట్టణానికి వెళ్లే రేవు పడవ ఆపేశారు. 1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరి చర్చికి వచ్చి మాట్లాడాడు. ఆ జిల్లాలో ఓటరుగా నమోదైన కౌలుదారులను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. అదే ఏడాది చివర ఫ్రాన్సిస్ వాల్టర్ అనే తెల్ల పాస్టరు ఒక ఇంటి ముందు తీగ మీద ఆరేసిన బొంతలు చూసి ఆగాడు. తెల్లవాడు వస్తున్నాడని ఆ ఇల్లాలు అడవిలోకి పరుగెత్తింది! భయం ఎంతటిదో తెలియడానికి ఈ ఒక్క ముక్క చాలు. ఆయన ఒక్కో బొంతకు 10 డాలర్లు ఇచ్చి కొని న్యూయార్క్‌లో వేలానికి పెట్టించాడు.

1966 మార్చి 26న ఒక బాప్టిస్టు చర్చిలో ఆ ఆడవాళ్లు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. చాలా ఏళ్లు దాన్ని నడిపింది ఎస్టెల్ విథర్‌స్పూన్. సంఘం భూమి కొని కుట్టు కేంద్రం కట్టింది. అందులో కొన్ని స్థలాలు వెళ్లగొట్టబడిన కుటుంబాలకే అమ్మింది. నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే. మ్యూజియాల వాళ్లు దీన్ని ఎందుకో ఒక వాక్యంలో దాటేస్తారు.

పెద్ద దుకాణాల ఆర్డర్లతో డబ్బు వచ్చింది గానీ, అవి ఒకే నమూనా, ఒకే కొలత అడిగాయి. తోచినట్టు అతికే చేతులకు అది కష్టమే. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ దిండు గలీబుల పని ఇచ్చింది. మిగిలిన ముక్కలు ఇళ్లకు చేరి, మళ్లీ ఎవరి తీరులో వారి బొంతలయ్యాయి.

2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గీస్ బెండ్ బొంతలను గోడలకు వేలాడదీసింది. 2006లో వాటి మీద తపాలా బిళ్లలు వచ్చాయి. ఆపేసిన రేవు పడవ మళ్లీ తిరిగింది కూడా ఆ ఏడాదే, 44 ఏళ్లకు. సహకార సంఘం 2012లో మూతపడింది. బొంతలు మాత్రం ఆ ఊళ్లో ఇంకా కుడుతున్నారు.